గిటార్ యాంప్‌కు ఏ మైకు కొనాలి, ఎక్కడ పెట్టాలి

ఎలక్ట్రిక్ గిటార్ శబ్దం తీగల దగ్గర మొదలై స్పీకరు దగ్గర పూర్తవుతుంది. మనకు వినిపించే బరువు, కరుకుదనం, తీపి చాలావరకు యాంప్, స్పీకరు కలిసి తయారుచేసినవే. అందుకే స్పీకరు ముందు మైకు పెట్టి రికార్డు చేస్తారు. హనుమకొండలో అద్దెగదిలో బ్యాండు నడుపుకునే ఇంజినీరింగ్ విద్యార్థులైనా, కాజీపేటలో ఆరాధన పాటలు రికార్డు చేసుకునే సంఘాలైనా, కరీంనగర్, జగిత్యాల వైపు జానపదానికి గిటార్ జోడించి యూట్యూబ్‌లో పెట్టేవాళ్లయినా ముందు అడిగేది ఒకటే: ఏ మైకు కొనాలి? మైకుల పేర్లు చూసేముందు మీ గదిని, మీ యాంప్‌ను చూడండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ముందు గదిని కొలవండి

టేపు తీసుకుని గది పొడవు, వెడల్పు, ఎత్తు రాసుకోండి. మన దగ్గర ఇళ్లలో 10 అడుగులకు 10 అడుగుల గది, 10 అడుగుల ఎత్తులో స్లాబు మామూలే. రికార్డింగుకు ఇది కష్టమైన గది. మూడు కొలతలూ ఒకటే అయినప్పుడు మూడు దిక్కులా ఒకే ఫ్రీక్వెన్సీలు నిలబడిపోతాయి. 10 అడుగులకైతే 56 హెర్ట్జ్ దగ్గర ఒకటి, 112 దగ్గర ఇంకొకటి. గిటార్ ఐదో తీగను ఓపెన్‌గా మీటితే వచ్చే స్వరం 110 హెర్ట్జ్. మిగతా స్వరాలు మామూలుగా ఉండి ఆ ఒక్క తీగ మీటినప్పుడే గది గుమ్మని మోగితే తప్పు యాంప్‌ది అనుకోకండి, గోడలది. 10కి 12 అడుగుల గది కొంచెం నయం. యాంప్‌ను మూలలో పెట్టొద్దు. గోడకు కనీసం అర మీటరు జరపండి. గదికి సరిగ్గా నడిమధ్యలో కూడా వద్దు.

ఇప్పుడు గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట్లు కొట్టండి. టింగుమని తోక వినిపిస్తే అది సిమెంటు గోడల మధ్య అటూ ఇటూ కొట్టుకుంటున్న శబ్దం. నేలమీద కొత్తవాడ జంపఖానా పరిచి, గోడకు రెండు బొంతలు వేలాడదీస్తే ఆ టింగు చాలావరకు పోతుంది. గుమ్మనే మోత మాత్రం పోదు. జంపఖానా పలుచన కాబట్టి ట్రెబుల్‌ను మాత్రమే పీలుస్తుంది. కింది శబ్దాలకు మందమైన దూదిపరుపులు కావాలి, అవి కూడా గోడకు ఆనకుండా కొంత ఎడంగా నిలబెట్టాలి.

దీన్నిబట్టి ఒక నిర్ణయం ముందే తీసుకోవచ్చు. గది ఇలాంటిదైతే, ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా తీసుకునే కార్డియాయిడ్ మైకును స్పీకరుకు బాగా దగ్గరగా పెట్టి రికార్డు చేయడమే మీ దారి. రెండు మీటర్ల దూరంలో పెట్టే ఖరీదైన మైకు ఇక్కడ గది చెడునే వివరంగా పట్టిస్తుంది. ఆ డబ్బు దాచుకోండి.

మూడు రకాలు, వాటి పనితీరు

డైనమిక్ మైకులో పలుచని పొరకు తీగచుట్ట అతికించి ఉంటుంది. శబ్దానికి పొర కదిలితే అయస్కాంతం మధ్యలో చుట్ట కదిలి కరెంటు పుడుతుంది. చుట్ట బరువు వల్ల అతి సన్నని వివరాలు కొంత తగ్గుతాయి, కానీ ఎంత గట్టి శబ్దాన్నయినా తట్టుకుంటుంది. గిటార్ స్పీకరు మామూలుగా 5 వేల హెర్ట్జ్ దాటాక వేగంగా పడిపోతుంది. అంతకు పైన మైకు పట్టలేకపోయినా మనకు పెద్దగా నష్టం లేదు.

కండెన్సర్‌కు 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైకు కేబులులోంచే అందే కరెంటు కావాలి. పొర చాలా తేలిక, వివరం ఎక్కువ, అవుట్‌పుట్ కూడా ఎక్కువే. గిటార్ యాంప్ దగ్గర ఇబ్బంది పెట్టేది ఆ అవుట్‌పుట్టే. ఆడియో టెక్నికా ఏటీ2020 సెన్సిటివిటీ -37 డీబీ, ష్యూర్ ఎస్ఎం57ది -56. అంటే ఒకే శబ్దానికి ఏటీ2020 సుమారు 19 డీబీ ఎక్కువ సిగ్నల్ పంపుతుంది. ఏటీ2020 తాను 144 డీబీ వరకు తట్టుకుంటుంది, దానికేం కాదు. మైకును కంప్యూటరుకు కలిపే చిన్న ఇంటర్‌ఫేస్ ఇన్‌పుట్టే ముందు చేతులెత్తేస్తుంది: గెయిన్ నాబ్ సున్నాలో ఉన్నా ఎర్రలైటు వెలుగుతుంది. ఏటీ2035లో సిగ్నల్‌ను తగ్గించే 10 డీబీ ప్యాడ్ స్విచ్ ఉంది కాబట్టి యాంప్ కోసమే కండెన్సర్ కొనేట్టయితే ఈ రెండింట్లో అదే మేలు. పెద్ద స్టూడియోల్లో కనిపించే నాయ్‌మన్ యూ87 తట్టుకునేది ప్యాడ్ లేకుండా 117 డీబీ. సెలెషన్ వింటేజ్ 30 లాంటి స్పీకరు ఒక వాటుకే మీటరు దూరంలో 100 డీబీ ఇస్తుంది. 50 వాట్లకు లెక్క వేస్తే మీటరు దూరంలోనే 117. అంగుళాల దూరంలో ఎంతవుతుందో ఊహించుకోండి. ఖరీదు ఎక్కువైనంత మాత్రాన ఈ పనికి సరిపోతుందనుకోవద్దు.

రిబ్బన్ మైకులో అయస్కాంతం మధ్య సన్నని అల్యూమినియం పట్టీ వేలాడుతుంది. రాయర్ ఆర్-121లో ఆ పట్టీ మందం 2.5 మైక్రాన్లు. పైశబ్దాలు మెత్తగా పడతాయి, కాబట్టి చెవిని కోసే డిస్టార్షన్ కూడా గుండ్రంగా వినిపిస్తుంది. ఎక్కువ రిబ్బన్లు ముందూ వెనకా సమానంగా వింటాయి, పక్కల వినవు. మీ వెనకగోడ సిమెంటుదైతే ఆ గోడనుంచి వచ్చేదంతా మైకులో పడుతుంది. బయర్‌డైనమిక్ ఎం160 ఇందుకు మినహాయింపు. అది రిబ్బనే అయినా ముందువైపే ఎక్కువగా వింటుంది, చిన్నగదికి రిబ్బన్ కావాలంటే ముందు చూడాల్సింది అదే.

రిబ్బన్‌తో రెండు జాగ్రత్తలు. తప్పుగా సోల్డరింగ్ చేసిన కేబులులోంచి ఫాంటమ్ పవర్ వెళ్తే పట్టీ సాగి పాడవుతుంది. కాబట్టి ఫాంటమ్ ఆపాక, ఒక నిమిషం ఆగి అప్పుడే మైకు తగిలించండి. చిన్న ఇంటర్‌ఫేసుల్లో 48 వోల్టుల బటన్ ఒకటే ఉండి అన్ని ఇన్‌పుట్లకూ వర్తిస్తుంది, కండెన్సరూ రిబ్బనూ కలిపి పెట్టేముందు ఆ సంగతి చూసుకోండి. రెండోది దుమ్ము. లోపలి అయస్కాంతం బలమైనది, ఇనుపరజను పట్టేస్తుంది. మీ రికార్డింగ్ గది వెల్డింగ్ షాపు పక్కన ఉంటే వాడనప్పుడల్లా మైకును సంచిలో మూతికట్టి పెట్టండి. పట్టీమీద నోటితో ఊదొద్దు.

మొదటి మైకు

ఒక్కటే కొనేట్టయితే ష్యూర్ ఎస్ఎం57. 1965 నుంచి తయారవుతోంది. దాని రేంజి 40 నుంచి 15 వేల హెర్ట్జ్. 200 కింద క్రమంగా తగ్గుతుంది, 5–6 వేల మధ్య ఉబ్బుతుంది. ఈ వంకరే యాంప్‌కు కలిసొస్తుంది. మైకును బాగా దగ్గర పెడితే ప్రాక్సిమిటీ వల్ల బేస్ పెరుగుతుంది, మైకు తనంతట తాను తగ్గించిన బేస్ అక్కడ భర్తీ అవుతుంది. పైన ఉన్న ఉబ్బు వల్ల డ్రమ్స్, గొంతు మధ్యలోంచి గిటార్ బయటికి వినిపిస్తుంది. స్పీకరు ముందే కీచుగా ఉన్నదైతే అదే ఉబ్బు చెవిని పొడుస్తుంది. దానికి విరుగుడు మైకు పెట్టే చోటులో ఉంది, ఆ సంగతి కింద చెప్పాం.

ఎస్ఎం57 పేరుతో నకిలీలు చాలా తిరుగుతున్నాయి. అధీకృత డీలరు దగ్గర, బిల్లుతో, వారంటీతో కొనండి. చేతికి రాగానే తూకం వేయండి: అసలుది 284 గ్రాములు. ఇరవై ముప్పై గ్రాములు తేడా వస్తే అనుమానించాల్సిందే. వాపసు గడువు ముగియకముందే యాంప్ ముందు పెట్టి, తెలిసినవాళ్ల దగ్గరున్న అసలు మైకుతో పక్కపక్కన వినండి.

ఎస్ఎం58 ఇప్పటికే మీ దగ్గర ఉందా? చర్చిలో, బ్యాండులో పాడటానికి వాడే మైకు అదే కదా. రెండింటి లోపలి క్యాప్సూల్ (శబ్దాన్ని పట్టే భాగం) ఒకే వంశం. 58కి గుండ్రటి జాలీ ఉండటంవల్ల పొర స్పీకరుకు అంత దగ్గరికి రాలేదు, కాబట్టి బేస్ కొంచెం తక్కువగా, పైశబ్దం కొంచెం మెత్తగా వస్తుంది. దానితో మొదలుపెట్టండి. స్పీకరుకు దగ్గర చేయాలని జాలీ విప్పొద్దు, క్యాప్సూల్ బయటపడి దెబ్బతింటుంది.

సెన్‌హైజర్ ఇ609 చదునుగా ఉంటుంది, పక్కనుంచి వింటుంది. స్టాండు లేకపోతే కేబులుతోనే యాంప్ ముందు వేలాడదీయొచ్చు. వేదికమీద అది సౌకర్యమే. రికార్డింగులో మాత్రం వేలాడదీస్తే కోణం మార్చలేరు, గుడ్డకు తగిలి గరగర వస్తుంది. దానికీ స్టాండు పెట్టండి. ఇ906లో బ్రైట్, నార్మల్, డార్క్ అని మూడు స్థానాల స్విచ్ ఉంటుంది. వేరువేరు యాంప్‌లు వచ్చిపోయే చోట అది బాగా పనికొస్తుంది. అదే సెన్‌హైజర్ వాళ్ల ఎండీ421 పెద్ద పొర ఉన్న డైనమిక్. లావైన, నిండైన శబ్దం కావాలనుకునేవాళ్లకు ఎస్ఎం57 తర్వాత మంచి మెట్టు. వెనక ఐదు మెట్ల బేస్ స్విచ్ ఉంటుంది, రికార్డు చేసేముందు అది ఎక్కడ ఉందో చూసుకోండి. దాని క్లిప్పు జారిపోయే రకం, స్టాండుకు టేపు చుట్టి పెట్టడం మంచిది.

మైకుతోపాటు బరువైన స్టాండు కొనండి. ఈ పనికి పొట్టి బూమ్ స్టాండు బాగుంటుంది. స్టాండు వంగి మైకు రెండు సెంటీమీటర్లు కిందికి జారితే మొదటి టేకుకీ నాలుగో టేకుకీ శబ్దం కలవదు.

యాంప్‌ను సిద్ధం చేయడం

చిన్న యాంప్‌ను తక్కువగా చూడొద్దు. 10–15 వాట్ల ట్రాన్సిస్టర్ కాంబోతో (యాంప్, స్పీకరు ఒకే పెట్టెలో ఉండేది), 8 అంగుళాల స్పీకరుతో కూడా పాటకు సరిపడే గిటార్ వస్తుంది. నేలమీద ఉంటే గదిలో బేస్ ఉబ్బుతుంది, గట్టి స్టూలు మీద పెట్టండి. గలగలమనే స్టూలు వద్దు. క్యాబినెట్ మరలు, వెనక పలక, మోసే పిడి బిగించండి. వీటి గిలకలు వాయించేటప్పుడు తెలియవు, హెడ్‌ఫోన్లలో తెలుస్తాయి. ఏది మోగుతోందో కనిపెట్టాలంటే కింది తీగనుంచి ఒక్కో స్వరాన్నీ నిదానంగా మీటుతూ, ఇంకొకరిని క్యాబినెట్ మీద అక్కడక్కడ అరచేత్తో నొక్కమనండి. ఏ చోట నొక్కితే ఆగిందో దోషం అక్కడే.

ట్యూబ్ యాంప్ అయితే 20 నిమిషాల ముందే ఆన్ చేసి వేడెక్కనివ్వండి. ఆన్‌లో ఉండగా స్పీకరు కేబులు పీకొద్దు, స్పీకరు లేకుండా నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. స్పీకరుకు గిటార్ కేబులు వాడొద్దు, స్పీకరు కేబులే వాడాలి.

డిస్టార్షన్ గెయిన్‌ను రిహార్సల్లో పెట్టేదానికంటే పావువంతు తగ్గించండి. గదిలో కొండంత అనిపించిన డిస్టార్షన్ రికార్డింగులో స్వరాలను కలిపేసి పిండి చేస్తుంది. అదే భాగాన్ని రెండుసార్లు వేరువేరుగా వాయించి ఎడమకు ఒకటి, కుడికి ఒకటి పెడితే కావాల్సిన లావు వస్తుంది.

మైకు పెట్టే పద్ధతి

పాట మొత్తం ఇక్కడే తేలుతుంది, కాబట్టి తొందరపడకండి.

ఫోన్ టార్చి వెలిగించి గ్రిల్ గుడ్డకు ఏటవాలుగా పట్టండి. లోపల స్పీకరు కోన్, మధ్యలో గుండ్రటి డస్ట్ క్యాప్ కనిపిస్తాయి. గుడ్డమీద క్యాప్ మధ్య ఎక్కడో, అంచు ఎక్కడో చిన్న ఇన్సులేషన్ టేపు ముక్కలతో గుర్తుపెట్టండి. సెలెషన్ గ్రీన్‌బ్యాక్, వింటేజ్ 30 లాంటి 12 అంగుళాల స్పీకర్లలో వాయిస్ కాయిల్ 1.75 అంగుళాలు, అంటే సుమారు 44 మిల్లీమీటర్లు. డస్ట్ క్యాప్ దానికన్నా కొంచెం పెద్దది. మధ్యనుంచి దాదాపు 3 సెంటీమీటర్లు పక్కకు జరిగితే అంచు దగ్గరికి వచ్చినట్టు.

నాలుగు స్పీకర్ల క్యాబినెట్ అయితే నాలుగూ ఒకేలా ఉండవు. ఒక్కోదాని ముందూ ఒకే దూరంలో మైకు పెట్టి ఒకే ముక్క రికార్డు చేసి, బాగున్నదాన్ని ఎంచుకోండి. ఒకసారి చేస్తే చాలు, ఆ స్పీకరు మీద టేపు అంటించి వదిలేయండి.

మొదటి స్థానం: మైకు గుడ్డనుంచి 2–3 సెంటీమీటర్ల దూరంలో, స్పీకరు వైపు నిటారుగా, క్యాప్ అంచుకు గురిపెట్టి. చాలాసార్లు ఇక్కడినుంచి ఎక్కువ దూరం వెళ్లాల్సిన పని ఉండదు. మధ్యకు జరిపితే పైశబ్దం పెరిగి పదునెక్కుతుంది. బయటి అంచువైపు జరిపితే చీకటిగా, మెత్తగా మారుతుంది. కారణం సులువే. 3 వేల హెర్ట్జ్ శబ్దతరంగం పొడవు 11 సెంటీమీటర్లు, కోన్ వెడల్పు 30. కోన్‌కన్నా చిన్న తరంగాలు చెల్లాచెదురు కాకుండా నేరుగా ముందుకు పోతాయి. ఆ దారిలో ఉన్న మైకుకు పదును దొరుకుతుంది, పక్కనున్నదానికి దొరకదు. ఒక్క సెంటీమీటరు జరిపినా ఈక్వలైజరులో రెండు మూడు నాబులు తిప్పినంత తేడా వినిపిస్తుంది.

ఇంకొకరి సాయం ఉంటే పని సులువు. వాళ్లు మైకు జరుపుతుంటే మీరు పక్కగదిలో మూసిన హెడ్‌ఫోన్లతో వినండి. ఒంటరిగా ఉంటే గిటార్ వాయించక్కర్లేదు: యాంప్ గెయిన్ పెంచి, తీగలమీద చెయ్యివేసి, యాంప్ నుంచి వచ్చే సుయ్‌మనే శబ్దాన్ని మాత్రమే హెడ్‌ఫోన్లలో వింటూ మైకు జరపండి. ఆ సుయ్ ఎక్కడ బాగా పదునుగా వినిపిస్తే అదే కోన్ మధ్య. అక్కడినుంచి పక్కకు జరుగుతూ కోరుకున్న మెత్తదనం దగ్గర ఆగండి. ఈ పని చేసేటప్పుడు చెవి మాత్రం స్పీకరు ముందు పెట్టొద్దు.

తర్వాత కోణం. మైకు నిటారుగా పెట్టినప్పుడు కీచు ఎక్కువై, పక్కకు జరిపితే మరీ చీకటైతే, అదే చోట ఉంచి మైకును 30–45 డిగ్రీలు తిప్పండి. ఎస్ఎం57 పక్కనుంచి వచ్చే పైశబ్దాన్ని తక్కువగా వింటుంది కాబట్టి 5–6 వేల దగ్గరి ఉబ్బు కొంచెం దిగుతుంది, శరీరం మాత్రం ఉంటుంది.

ఆ తర్వాతే దూరం. గుడ్డకు ఆనించి పెడితే బేస్ ఎక్కువ, గది తక్కువ. 5 సెంటీమీటర్లకు లాగితే మోత తగ్గి సర్దుకుంటుంది. 10–15 దగ్గర కోన్ మొత్తం కలిసిన శబ్దం వస్తుంది, 8 అంగుళాల చిన్న స్పీకర్లకు ఇదే ఎక్కువగా నప్పుతుంది. రిబ్బన్‌ను 15 దగ్గర మొదలుపెట్టి, గాలిదెబ్బ నేరుగా పట్టీకి తగలకుండా కొంచెం పక్కకు తిప్పి పెట్టండి.

ఇంకా దూరం వెళ్లాలనుకుంటే నేల అడ్డుపడుతుంది. స్పీకరు మధ్యభాగం నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తులో, మైకు అదే ఎత్తులో 60 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. నేరుగా వచ్చే శబ్దం 60 సెంటీమీటర్లు ప్రయాణిస్తే, నేలకు కొట్టుకుని వచ్చేది సుమారు 85. ఈ 25 సెంటీమీటర్ల తేడావల్ల 690 హెర్ట్జ్ దగ్గర రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. గిటార్‌కు ప్రాణమైన చోట గుంట పడుతుంది, శబ్దం డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఇక్కడ జంపఖానా ఏమీ చేయలేదు. మధ్యలో నేలమీద 10 సెంటీమీటర్ల మందం దూదిపరుపు వేస్తే ఆ గుంట బాగా తగ్గుతుంది.

పోల్చేటప్పుడు ఒక నియమం తప్పొద్దు. ఒకే 15 సెకన్ల ముక్క, ఒకే యాంప్ సెట్టింగ్, ఐదు స్థానాలు. విన్నప్పుడు ఐదింటినీ ఒకే బిగ్గరతనానికి తేవాలి. కొంచెం గట్టిగా ఉన్నదే చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది, ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా. విడిగా విని నిర్ణయించకండి, డ్రమ్స్, బేస్ గిటార్, గొంతుతో కలిపి వినండి. విడిగా సన్నగా అనిపించిన స్థానమే పాటలో సరిగ్గా కూర్చోవడం తరచూ జరుగుతుంది, ఎందుకంటే కిందిభాగం బేస్ గిటార్‌ది. నిర్ణయమయ్యాక మైకును పైనుంచి, పక్కనుంచి ఫోన్‌తో ఫొటో తీసి, గుడ్డనుంచి దూరం స్కేలుతో కొలిచి రాసిపెట్టుకోండి. వారం తర్వాత మిగతా చరణం రికార్డు చేయాల్సివస్తే ఆ ఫొటోయే ఆదుకుంటుంది.

లెవెల్

24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టండి. పాటలో అన్నిటికన్నా గట్టిగా వాయించే భాగాన్ని వాయిస్తూ శిఖరాలు -12 డీబీ దగ్గర తగిలేలా గెయిన్ సర్దండి. 24 బిట్‌లో ఇంకా పైకి తేవాల్సిన అవసరం లేదు. క్లిప్ అయిన టేకును తర్వాత బాగుచేయలేం. వీలుంటే గిటార్ సిగ్నల్‌ను డీఐ బాక్సు (గిటార్‌ను నేరుగా ఇంటర్‌ఫేస్‌కు కలిపే చిన్న పెట్టె) ద్వారా విడిగా ఇంకో ట్రాక్‌లో కూడా తీసుకోండి. మైకు శబ్దం నచ్చకపోతే ఆ ట్రాక్‌ను మళ్లీ యాంప్‌లోకి పంపి కొత్త స్థానంలో రికార్డు చేయొచ్చు, వాయించినవాళ్లను మళ్లీ పిలవక్కర్లేదు.

రెండో మైకు పెట్టాలంటే

ఒక మైకుతో మంచి శబ్దం రానిచోట రెండోది గందరగోళాన్నే పెంచుతుంది. ఒకటి కుదిరాకే దీనికి రండి. ఎస్ఎం57 పదునిస్తే రిబ్బన్ లేదా ఎండీ421 శరీరాన్నిస్తుంది. రెండూ ఒకే స్పీకరు ముందు, వాటి పొరలు ఒకే గీతలో ఉండాలి. మైకుల కొసలు కలిస్తే చాలదు. ఎస్ఎం57 పొర జాలీకి వెంటనే వెనక ఉంటుంది, రిబ్బన్ పట్టీ మైకు ఒంటి మధ్యలో ఉంటుంది. 5 సెంటీమీటర్ల తేడా ఉంటే 3,400 హెర్ట్జ్ దగ్గర శబ్దం రద్దయిపోతుంది. గిటార్ కొరుకుడంతా అక్కడే ఉంటుంది. ఒకటిన్నర సెంటీమీటర్లకు దించితే ఆ రద్దు 11 వేల పైకి పోతుంది, అక్కడ గిటార్ స్పీకరులో ఎలాగూ ఏమీ లేదు.

సరిగ్గా కలిపే పద్ధతి ఇది. రెండింటినీ ఒకే లెవెల్‌కు తెచ్చి, సాఫ్ట్‌వేరులో ఒకదాని పోలారిటీ తిప్పండి, అంటే దాని తరంగాన్ని తలకిందులు చేయండి. ఇప్పుడు ఒక మైకును మిల్లీమీటర్ల లెక్కన ముందుకూ వెనక్కూ జరుపుతూ శబ్దం ఎక్కడ బాగా బక్కచిక్కిందో అక్కడ ఆపి స్టాండు బిగించండి. పోలారిటీని మళ్లీ మామూలుగా పెట్టండి, అదే నిండైన స్థానం. వెనక తెరిచి ఉన్న కాంబోలో వెనకనుంచి మైకు పెడితే మాత్రం పోలారిటీ తిప్పే ఉంచాలి, ఎందుకంటే కోన్ ముందుకు కదిలినప్పుడు ఆ మైకుకు అది వెనక్కి పోతున్నట్టు.

ఏది చెడితే ఎక్కడ చూడాలి

హమ్ వస్తుంటే ముందు గిటార్ వాల్యూమ్ సున్నా చేయండి. ఆగితే అది పికప్‌లలోంచి వస్తోంది: సీలింగ్ ఫ్యాన్ ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు, ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జరు ఒక్కొక్కటే ఆపి చూడండి. ఫ్యాన్‌ను సగం స్పీడులో ఉంచడం అన్నిటికన్నా చెడ్డది, పూర్తి స్పీడు పెట్టండి లేదా ఆపేయండి. కూర్చున్న దిక్కు మార్చి గిటార్‌ను తిప్పి చూడండి, సింగిల్ కాయిల్ పికప్‌లలో ఒక దిక్కుకు హమ్ బాగా తగ్గుతుంది. వాల్యూమ్ సున్నా చేసినా హమ్ ఆగకపోతే యాంప్, ఎర్తింగు చూడాలి. యాంప్, ఇంటర్‌ఫేస్, ల్యాప్‌టాప్ అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డునుంచి తీసుకోండి. హమ్ పోతుందని ప్లగ్గు ఎర్త్ పిన్ను విరిచేసేవాళ్లున్నారు. లోపం వచ్చిననాడు గిటార్ తీగల్లోకే కరెంటు వస్తుంది, ప్రాణం పోతుంది. ఆ పని ఎన్నడూ చేయొద్దు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు జుర్రుమంటే, ఆ ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌ది అయ్యుండొచ్చు. కరెంటు వచ్చాకే రికార్డు చేయండి.

కాజీపేటలో రైలు పట్టాల దగ్గరుంటే గిటార్ ఆగినచోట్ల కింద గుర్రుమనే శబ్దం పడుతుంది. గిటార్ కిందిస్వరం 82 హెర్ట్జ్ కాబట్టి 70–80 కింద లోకట్ (కిందిశబ్దాలను కోసేసే ఫిల్టరు) పెడితే పాటకు నష్టం లేదు. దగ్గర పెట్టిన డైనమిక్‌తో హారన్లు, మండపం మైకులు గిటార్ మోగుతున్నంతసేపు వినిపించవు. దూరంగా పెట్టిన కండెన్సర్‌తో అయితే వీధి మొత్తం వస్తుంది.

మోత ఎక్కువైతే ఈక్వలైజర్ ముట్టుకోకముందే మైకును 2 సెంటీమీటర్లు వెనక్కి లాగండి. దోమ మోతలాంటి సన్నని జుయ్ వినిపిస్తే క్యాప్ మధ్యనుంచి పక్కకు జరిపి, గెయిన్ తగ్గించండి, ఇంకా మిగిలితే 8 వేల పైన కత్తిరించండి. మీటరు ఎర్రబడకుండానే శబ్దం చిట్లుతుంటే మైకును దూరం చేసి చూడండి: దూరం చేసినా చిట్లితే స్పీకరు కోన్ చిరిగి ఉండొచ్చు, ఆగితే మైకుకో ఇన్‌పుట్‌కో భారం ఎక్కువైంది. నిన్నటి టేకు బాగుండి ఈరోజు అదే సెట్టింగ్‌లో పలుచగా ఉంటే ముందు స్టాండు చూడండి, తర్వాత కేబులు. ఎక్స్‌ఎల్‌ఆర్ ప్లగ్గులో ఒక తీగ ఊడితే శబ్దం ఆగదు, సన్నగా, బలహీనంగా వస్తూనే ఉంటుంది. ఇంకో కేబులు తగిలిస్తే అర నిమిషంలో తేలిపోతుంది, అందుకే రెండు కేబుళ్లు ఎప్పుడూ దగ్గరుంచుకోండి.